పంప్కిన్స్‌కి గుమ్మడికాయ ఎప్పుడు కొట్టారు?

చిక్కడపల్లి_శ్రీను
శనివారం, రాత్రి 10:42

మన సినిమావాళ్ళకి మొదలైతే కొబ్బరికాయ, అయిపోతే గుమ్మడికాయ. పేరులోనే గుమ్మడికాయ (పంప్కిన్) పెట్టుకున్న అమెరికన్ రాక్ బ్యాండు స్మాషింగ్ పంప్కిన్స్‌కి ఆ కాయ నిజంగా ఎప్పుడు కొట్టారన్నది నా ప్రశ్న. 2000 డిసెంబర్ 2న షికాగోలోని మెట్రో అనే క్లబ్బులో నాలుగు గంటలకు పైగా వాయించి సెలవు తీసుకున్నారు, అది అందరికీ తెలిసిందే. కానీ షూటింగ్ ఎప్పుడో అయిపోయి, ప్రకటన మాత్రం ఆలస్యంగా వచ్చిందని నా అనుమానం.

కొత్తగా వచ్చినవాళ్ళకి రెండు ముక్కలు. 1988లో బిల్లీ కోర్గన్ (పాట, గిటార్), జేమ్స్ ఐహా (గిటార్), డార్సీ రెట్స్కీ (బేస్), ఒక డ్రమ్ మెషీన్. మనుషులు ముగ్గురే. మెట్రో యజమాని జో షనహన్ "యంత్రం తీసేసి మనిషిని తెచ్చుకుంటేనే మా దగ్గర ఛాన్స్" అన్నాడు. అలా డ్రమ్మరు జిమ్మీ చేంబర్లిన్ వచ్చాడు. ఆల్బమ్‌లు: 1991లో 'గిష్', 1993లో 'సయామీస్ డ్రీమ్', 1995లో 'మెలన్ కోలీ అండ్ ది ఇన్ఫినిట్ సాడ్‌నెస్'. ఈ చివరిది రెండు సీడీలు, 28 పాటలు, రెండు గంటలు. వచ్చీరాగానే బిల్‌బోర్డ్‌లో ఒకటో స్థానం. అక్కణ్ణించి అయిదేళ్ళలో దుకాణం మూసేశారు.

నా తేదీ: 1996 జులై 17. చేంబర్లిన్‌ని తీసేసిన రోజు. మీ తేదీలు చెప్పండి.

(నేను 'మెలన్ కోలీ' విన్నది స్నేహితుడి అన్న అమెరికా నుంచి తెచ్చిన సీడీలోంచి ఎక్కించుకున్న 90 నిమిషాల కేసెట్‌లో. రెండో సీడీలో ఏడో పాట 'త్రూ ది ఐస్ ఆఫ్ రూబీ' సగంలో ఉండగా టేపు టక్కున ఆగిపోయేది. దాని తర్వాత ఇంకో ఏడు పాటలున్నాయని నాకు 2003 దాకా తెలీదు. పాట అలాగే ముగుస్తుందనుకున్నా, ఆర్ట్ కదా అని.)


నేపర్విల్_నాని
శనివారం, రాత్రి 11:20

శ్రీనూ, ఆ కేసెట్ సంగతికి పది నిమిషాలు నవ్వాను.

నేను ఉండేది షికాగో పడమటి శివార్లలో. మన తెలుగువాళ్ళందరూ అరోరా బాలాజీ గుడికి వెళ్ళే దారుల్లోనే ఈ బ్యాండు పుట్టింది. కోర్గన్ పెరిగిన గ్లెండేల్ హైట్స్ మా ఇంటినుంచి ట్రాఫిక్ లేకపోతే అరగంట. చేంబర్లిన్‌ది జోలియెట్, ఇంకోవైపు. ఐహాది ఎల్క్ గ్రోవ్ విలేజ్. డార్సీ ఒక్కతే సరస్సు అవతల, మిషిగన్‌లోని సౌత్ హేవెన్. అందరూ "షికాగో బ్యాండ్" అంటారు గానీ వీళ్ళు ఊరి బయటివాళ్ళు. ఊళ్ళోవాళ్ళకి వీళ్ళంటే మొదట్నుంచీ చిన్నచూపే. 1994లో నిర్మాత స్టీవ్ ఆల్బిని షికాగో రీడర్ పత్రికకి ఉత్తరం రాసి మరీ ఏకేశాడు. వీళ్ళకీ పాతకాలపు బ్యాండు ఆర్ఈఓ స్పీడ్‌వాగన్‌కీ తేడా లేదన్నాడు. పేవ్‌మెంట్ అనే బ్యాండు అదే ఏడాది ఒక పాటలో పేరు పెట్టి వెక్కిరించింది.

వెక్కిరిస్తే వెక్కిరించారు, నవ్వి ఊరుకోవచ్చుగా? కోర్గన్ ఏళ్ళ తరబడి మోశాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. ఈ సామెత ఈ బ్యాండు కోసమే పుట్టినట్టుంది.

నా తేదీ తర్వాత చెప్తా. పొద్దున్నే పనుంది.


బీచ్‌రోడ్_బాసిస్ట్
ఆదివారం, ఉదయం 7:05

శ్రీను గారూ, మీ తేదీ తప్పు. గుమ్మడికాయ 1993లోనే కొట్టేశారు. పగిలిన చప్పుడు వినబడటానికి ఏడేళ్ళు పట్టిందంతే.

'సయామీస్ డ్రీమ్' ఎలా తయారైందో తెలుసు కదా. అట్లాంటా దగ్గర మారియెటాలో ట్రైక్లాప్స్ స్టూడియో. అంత దూరం వెళ్ళడానికి ఒక కారణం, షికాగోలో చేంబర్లిన్‌కి మందు అమ్మేవాళ్ళందరూ తెలుసు కాబట్టి. (మందంటే సారా కాదు, హెరాయిన్.) అయినా ఆయన మధ్యలో రోజుల తరబడి మాయమయ్యేవాడు. ఐహా, డార్సీ అప్పటికే విడిపోయిన జంట. కోర్గన్ మనసు బాగా పాడై ఉన్నాడు, చచ్చిపోదామనుకున్న రోజులవి అని తర్వాత తనే చెప్పుకున్నాడు. 'టుడే' అంత సంబరంగా వినబడే పాట ఆ రోజుల్లోంచే వచ్చింది.

అలాంటి పరిస్థితిలో ఆయన చేసిందేమిటి? గిటార్లూ బేసూ దాదాపు అన్నీ తనే వాయించేశాడు. వాళ్ళు పది టేకుల్లో చేసేది నేను మూడింటిలో చేస్తానన్న లెక్క. ఒక బేస్ వాయించే మనిషిగా అడుగుతున్నా: మీ పేరు అట్టమీద ఉంది, లోపల తీగ మీద ఉన్నవి వేరేవాళ్ళ వేళ్ళు. మర్నాడు స్టేజీ ఎక్కి, ఆ వేళ్ళు వాయించింది మీరు నేర్చుకుని వాయించాలి. ఎన్నాళ్ళు ఉంటారు అలాంటి చోట? డార్సీ 1999 దాకా ఉండటమే గొప్ప.

వంటంతా ఒక్కడే చేసి వడ్డన మాత్రం నలుగురితో చేయిస్తే అది ఉమ్మడి కుటుంబం కాదండీ, కేటరింగ్.


గిటార్_గోపి
ఆదివారం, ఉదయం 9:31

మేడమ్ చెప్పింది వాస్తవమే. కానీ ఆ కేటరింగ్ భోజనం ఎలా ఉందో కూడా చెప్పాలి కదా?

రికార్డు నిర్మాత బుచ్ విగ్ కన్సోల్ దగ్గర కూర్చున్నాడు. 'గిష్' చేసిందీ ఆయనే, విస్కాన్సిన్ మాడిసన్‌లోని తన స్మార్ట్ స్టూడియోస్‌లో, 20,000 డాలర్లతో. అదే ఏడాది నిర్వాణా బ్యాండు 'నెవర్‌మైండ్' కూడా ఆయనదే. అంచేత 1993 వచ్చేసరికి అందరి కళ్ళూ వీళ్ళమీదే: తరవాతి నిర్వాణా వీళ్ళేనా అని. ఆ ఒత్తిడిలో రోజుకి పన్నెండు, పధ్నాలుగు గంటలు కూర్చుని, బిగ్ మఫ్ పెడల్‌తో గీరిన గిటార్ మీద గిటార్ పేర్చుకుంటూ పోయారు. 'సోమా' పాటలో నలభై దాకా గిటార్ ట్రాకులు ఉన్నాయంటారు. అప్పుడు కంప్యూటర్లో కాపీ కొట్టి అతికించడాలు లేవు. టేపు. ప్రతి పొరా మనిషి కూర్చుని వాయించాల్సిందే. శ్రుతి వెంట్రుకవాసి తప్పినా ముద్ద ముద్దగా అయిపోతుంది. అందుకే ఒకే చెయ్యి అయితేనే ఆ గోడ నిలబడింది. నలుగురు వాయిస్తే ఆ శబ్దం రాదు, ఇది నా గట్టి నమ్మకం.

బడ్జెట్ మీద రెండున్నర లక్షల డాలర్లు ఎక్కువైంది, నెలల తరబడి ఆలస్యమైంది. వచ్చాక అమెరికాలోనే 40 లక్షల పైన అమ్ముడైంది.

ఇంకో ముచ్చట. 'మెయొనేజ్' పాటలో గిటార్ ఆగినప్పుడల్లా సన్నగా ఈల వినబడుతుంది. అది ఎఫెక్ట్ కాదు. చవగ్గా కొన్న పాత గిటారు, చెయ్యి తీస్తే చాలు ఈల వేసేది. పారెయ్యకుండా ఆ ఈలని పాటలో పెట్టేసుకున్నారు. ఆ పాట ఐహాతో కలిసి రాసింది, గమనించండి.


బీచ్‌రోడ్_బాసిస్ట్
ఆదివారం, ఉదయం 9:50

గమనించానండి. ఆ ఆల్బమ్‌లో చాలామంది ప్రాణం పెట్టే రెండు పాటలు, 'సోమా', 'మెయొనేజ్', రెండూ ఐహాతో కలిసి రాసినవే. నా మాట మీరే నిరూపిస్తున్నారు.


గిటార్_గోపి
ఆదివారం, ఉదయం 9:58

😄 ఒప్పుకోను. కానీ దెబ్బ తగిలింది.


మృదంగం_మాష్టారు
ఆదివారం, మధ్యాహ్నం 3:15

అందరికీ నమస్కారం. నాకు రాక్ సంగీతంతో పరిచయం తక్కువ. మా అబ్బాయి ఈ చర్చ చూపించి, 'గీక్ యూఎస్ఏ' అనే పాట వినిపించాడు. మూడుసార్లు విన్నాను. డ్రమ్ములు మాత్రమే విన్నానని ఒప్పుకుంటున్నాను.

ఆ డ్రమ్మరు అబ్బాయి జాజ్ చదువుకున్న చెయ్యి అని మావాడు చెప్పకముందే తెలిసిపోయింది. కొట్టడం గట్టిగానే కొడుతున్నాడు, కానీ దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉన్న చోటు ఖాళీగా వదలడం లేదు. చెవికి తగిలీ తగలనట్టు చిన్న చిన్న దెబ్బలతో నింపుతున్నాడు. మామూలుగా ఈ జాతి పాటల్లో డ్రమ్ము గోడలా నిలబడి ఉంటుంది, దాన్ని ఆనుకుని మిగతావాళ్ళు నడుస్తారు. ఇక్కడ డ్రమ్ము పాటతో మాట్లాడుతోంది. గాయకుడు ఒక మాట అంటే ఈయన ఒక ముక్తాయి ఇస్తున్నాడు. తని ఆవర్తనం దాకా ఆగే ఓపిక లేని పక్కవాద్యగాడన్నమాట. కచేరీల్లో అలాంటివాళ్ళతో కష్టం. అయినా వాళ్ళు రాని కచేరీ చప్పగా ఉంటుంది.

శ్రీను గారి తేదీకే నా ఓటు.


చిక్కడపల్లి_శ్రీను
ఆదివారం, సాయంత్రం 5:40

మాష్టారూ, మీ మాటకి దండం. 'టునైట్ టునైట్' కూడా వినండి. ముప్ఫైమంది తీగవాద్యాల బృందం ఒకవైపు, ఈయన స్నేర్ డ్రమ్ము ఒకవైపు. రథం లాగుతున్నట్టుంటుంది.

ఇక నా తేదీకి కారణం. 1996లో వీళ్ళు ఎంత ఎత్తున ఉన్నారంటే, మే నెలలో సింప్సన్స్ కార్టూన్లో కూడా కనబడ్డారు. కోర్గన్ "బిల్లీ కోర్గన్, స్మాషింగ్ పంప్కిన్స్" అని పరిచయం చేసుకుంటే, హోమర్ దాన్ని గుమ్మడికాయలు పగలగొట్టే పని అనుకుని, తను మర్యాదగా నవ్వుతున్నానన్నట్టు "హోమర్ సింప్సన్, స్మైలింగ్ పొలైట్‌లీ" అంటాడు. అదే మే నెలలో డబ్లిన్ కచేరీలో జనం తోపులాటలో పదిహేడేళ్ళ అమ్మాయి నలిగి చనిపోయింది. తోసుకోవద్దని వీళ్ళు స్టేజీ మీద నుంచి బతిమాలుతూనే ఉన్నారు. జులైలో న్యూయార్క్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్ కచేరీలకి వచ్చారు. 12వ తేదీ తెల్లవారుజామున హోటల్ గదిలో, వెంట తిరిగే కీబోర్డ్ కళాకారుడు జొనాథన్ మెల్వాయిన్ హెరాయిన్ ఎక్కువై చనిపోయాడు. అదే గదిలో చేంబర్లిన్. అరెస్టయ్యాడు. అయిదు రోజులకి తీసేశారు. అద్దె డ్రమ్మరుతో పర్యటన మళ్ళీ మొదలెట్టారు.

తర్వాత ఏం మిగిలింది? 1998లో 'అడోర్'. ఎక్కువగా డ్రమ్ మెషీన్. 1988లో షనహన్ వద్దన్న అదే యంత్రం పదేళ్ళకి తిరిగొచ్చి కూర్చుంది. ఇంతకన్నా గుమ్మడికాయ ఏముంటుంది?


కాజీపేట_కుర్రోడు
ఆదివారం, రాత్రి 8:12

అన్నా నాకు తెల్వక అడుగుతున్న. నేను పుట్టింది 2003ల. 'అడోర్' నాకు మస్తు ఇష్టం. మీరందరు దాన్ని చావు లెక్క మాట్లాడుతున్నరు. రాత్రి రైల్ల కూసోని విను అన్నా, గట్ల అనవు. కోర్గన్ తల్లి చచ్చిపోయి, పెండ్లి కూడ పోయి, అప్పుడు చేసిన ఆల్బమ్ అది. దాంట్ల ధనాధన్ డ్రమ్స్ ఎందుకుంటయి?


నేపర్విల్_నాని
ఆదివారం, రాత్రి 9:03

తమ్ముడూ శభాష్. 1996 డిసెంబర్‌లో తల్లి పోయింది. 'ఫర్ మార్తా' ఆవిడ మీదే. ఆ పాటకి డ్రమ్స్ వాయించింది సౌండ్‌గార్డెన్ మాట్ కామెరాన్, కాబట్టి అన్నీ మెషీనే అనడం కూడా సరికాదు శ్రీనూ.

ఆ ఏడాది పర్యటన ఇంకా విశేషం. అమెరికాలో టికెట్ల మీద వచ్చిన డబ్బంతా ఏ ఊరికి ఆ ఊరి సేవాసంస్థలకి ఇచ్చేశారు, 28 లక్షల డాలర్లకు పైగా. అంత పెద్ద పని చేస్తే పేపర్లలో "పంప్కిన్స్ పడిపోయారు" అన్న వార్తే పెద్దగా వచ్చింది. 'అడోర్' రెండో స్థానంలో దిగింది, పది లక్షలు దాటింది. ఇంకెవరికైనా అయితే పండగ. ముందు ఆల్బమ్‌కి రెండు సీడీలకి రెండు లెక్కన డైమండ్ (కోటి అమ్మకాల బిరుదు) వచ్చి ఉంది కాబట్టి ఇది ఫ్లాపు. మన దగ్గర పెద్ద హీరో సినిమా వంద రోజులు ఆడితే కూడా "ముందు సినిమాలా ఆడలేదు" అనే బాపతు.


గిటార్_గోపి
ఆదివారం, రాత్రి 9:44

శ్రీను గారి డ్రమ్మర్ సిద్ధాంతానికి ఒక ప్రశ్న. 1999లో చేంబర్లిన్ తిరిగొచ్చాడు. ఆ ఏప్రిల్‌లో నలుగురూ కలిసి చిన్న చిన్న క్లబ్బుల్లో వాయించారు. 2000 ఫిబ్రవరిలో 'మషీనా' వచ్చింది, డ్రమ్ములు దడదడలాడుతూ. మూడో స్థానంలో దిగి జారిపోయింది. ప్లాటినం (పది లక్షల అమ్మకాలు) కూడా కాలేదు. 2007లో 'జైట్‌గైస్ట్', అందులోనూ చేంబర్లిన్ ఉన్నాడు, పాత మనుషుల్లో కోర్గన్ పక్కన ఆయనొక్కడే. ఒక్కరైనా ఆ పాటలు ఇవాళ కూనిరాగం తీస్తున్నారా?

నా లెక్కలో అసలు కారణం బజారు. 1996లో అమెరికా టెలికాం చట్టం మారాక ఒకే కంపెనీ వందలకొద్దీ రేడియో స్టేషన్లు కొనెయ్యొచ్చు. పాటల జాబితా ఒక ఆఫీసులో తయారై దేశమంతా మోగుతుంది. 1999కి రాక్ స్టేషన్లంటే లింప్ బిజ్‌కిట్, కార్న్. ఆ ఏడాదే పాటలు ఉచితంగా పంచుకునే నాప్‌స్టర్. పన్నెండు పొరల దుఃఖానికి చోటెక్కడ?


బీచ్‌రోడ్_బాసిస్ట్
ఆదివారం, రాత్రి 10:10

గోపి గారూ, 2000 అక్టోబర్‌లో రేడియోహెడ్ 'కిడ్ ఎ' అమెరికాలో ఒకటో స్థానంలో దిగింది. ఒక్క సింగిల్ లేదు, సరైన వీడియో లేదు, సగం పాటల్లో గిటారే లేదు. అదే బజారు, అదే నాప్‌స్టర్. రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ 1999లో తమ పాత గిటారిస్టుని తెచ్చుకుని 'కాలిఫోర్నికేషన్' చేస్తే కోటి దాటి అమ్ముడైంది. బజారు అందరినీ తొక్కలేదు.

'మషీనా' ఎందుకు పోయిందో నాకు తెలుసు. దానికో కథ ఉంది: ఒక రాక్ స్టార్, అతనికి దేవుడి గొంతు వినబడటం, పేరు మార్చుకోవడం, బ్యాండువాళ్ళు తమ కార్టూన్ బొమ్మలుగా తామే నటించడం. నాటకం సగంలో ఉండగా, 1999 సెప్టెంబర్‌లో డార్సీ వెళ్ళిపోయింది. నాయిక వెళ్ళిపోయాక కూడా నాటకం ఆడారు. టికెట్ కొన్నవాళ్ళకి కథ ఎవరూ చెప్పలేదు. మేనేజర్ షారన్ ఆజ్‌బర్న్ 2000 జనవరిలో ఆరోగ్య కారణాలతో తప్పుకుంటున్నానంది. ఏమిటా ఆరోగ్య కారణం అంటే, బిల్లీ కోర్గన్ వల్ల నాకు జబ్బు చేస్తోంది అని పత్రికా ప్రకటనలోనే రాసింది!


అడ్మిన్_పంతులు
ఆదివారం, రాత్రి 10:31

చర్చ బాగా నడుస్తోంది. ఇళయరాజా ఇంతకన్నా గొప్ప కాదా అన్న ప్రశ్నతో వచ్చిన నాలుగు పోస్టులు వేరే దారంలోకి మార్చాను. ఆయన గొప్పవాడే. ఇక్కడ విషయం అది కాదు.


నేపర్విల్_నాని
సోమవారం, ఉదయం 6:50

మేడమ్, మీ 1993 తేదీకి నాదొక అడ్డు. మరి 1995 సంగతేమిటి?

'మెలన్ కోలీ'కి బుచ్ విగ్‌ని పక్కనపెట్టి నిర్మాతలు ఫ్లడ్‌నీ ఆలన్ మౌల్డర్‌నీ తెచ్చుకున్నారు. ఫ్లడ్ చేసిన మొదటి పని, రోజూ కొంతసేపు నలుగురినీ ఒక గదిలో నిలబెట్టి వాయించమనడం. స్టూడియోలో కూడా రెండు గదులు పెట్టి, కోర్గన్ ఒకదాంట్లో పాడుతుంటే ఇంకోదాంట్లో మిగతావాళ్ళు పని చేసుకునేలా చూశాడు, ఎవరూ ఖాళీగా కూర్చుని కుళ్ళిపోకుండా. వాయిద్యాలన్నీ అర స్వరం దించి వాయించడం కూడా అప్పుడే. మీరన్న కేటరింగ్ ఆ ఒక్క ఏడాది నిజంగా ఉమ్మడి వంట అయింది.

'1979' కథ కూడా ఫ్లడ్‌దే. ఆ పాట ముక్క విని "ఇది చాలదు, తీసేద్దాం" అన్నాడు. కోర్గన్‌కి పౌరుషం వచ్చి, ఆ రాత్రికి రాత్రే నాలుగు గంటల్లో పూర్తి చేసి మర్నాడు వినిపించాడు. ఫ్లడ్ వెంటనే సరేనన్నాడు. వాళ్ళ పాటలన్నిట్లో అమెరికా చార్టుల్లో అంత పైకి, 12 దాకా, పోయింది ఇంకోటి లేదు. నేను ఈ శివార్లలో కారు నడిపేటప్పుడు ఆ పాట వస్తే, ఇది మన కోసం కాదు అనిపించదు. మొక్కజొన్న చేలూ, స్ట్రిప్ మాల్ పార్కింగూ, ఏం చెయ్యాలో తెలీని పదహారేళ్ళ పిల్లలూ. ఇప్పుడు ఆ పిల్లల్లో సగం మన పిల్లలే.

"కాదు" అనే మనిషి ఒకడు గదిలో ఉన్నంతకాలం కోర్గన్ బాగున్నాడు. షనహన్ యంత్రం కాదన్నాడు. ఫ్లడ్ పాట కాదన్నాడు.


బీచ్‌రోడ్_బాసిస్ట్
సోమవారం, ఉదయం 8:22

ఇది నేను ఆలోచించలేదు నాని గారూ. సరే, 1995ని మినహాయిస్తా. అయితే మీరు అడక్కుండానే ఇంకో చిక్కు తెచ్చారు: 'మషీనా'లోనూ ఫ్లడ్ ఉన్నాడు కదా?


నేపర్విల్_నాని
సోమవారం, ఉదయం 8:40

ఉన్నాడు. 🙏 అక్కడ నా సిద్ధాంతం కూలిపోతుంది. కోటి రికార్డుల మనిషికి ఎవరూ కాదని చెప్పలేరని సర్దుకోవచ్చు గానీ, అది నా కల్పనే అవుతుంది.


కాజీపేట_కుర్రోడు
సోమవారం, మధ్యాహ్నం 1:18

'మషీనా టూ' గురించి ఎవ్వరు చెప్తలేరు. గది ఫ్రీగ ఇచ్చిండ్రు అంట కదా, నిజమేనా?


గిటార్_గోపి
సోమవారం, మధ్యాహ్నం 2:00

నిజం. 2000 మే 23న లాస్ ఏంజెలిస్ రేడియో కేరాక్‌లో "ఈ ఏడాది చివరికి ఆపేస్తున్నాం" అని కోర్గన్ ప్రకటించాడు. మిగిలిన పాటలతో ఇంకో ఆల్బమ్ వేద్దామంటే వాళ్ళ రికార్డు కంపెనీ వర్జిన్ ఆసక్తి చూపలేదు. సెప్టెంబర్‌లో వీళ్ళు 25 అంటే 25 సెట్ల వినైల్ రికార్డులు మాత్రం అచ్చేసి, స్నేహితులకీ కొందరు అభిమానులకీ ఇచ్చి, నెట్‌లో ఎక్కించి అందరికీ పంచెయ్యండి అన్నారు. రేడియోహెడ్ "మీకు తోచినంత ఇవ్వండి" అనడానికి ఏడేళ్ళ ముందు సంగతి ఇది. బజారు గురించి నేను అన్నదానికి ఇది సాక్ష్యమో, వ్యతిరేకమో నాకే తేలడం లేదు.

వినైల్ నుంచి ఎక్కించిన పాటలు కాబట్టి సూది చిటపటలు అలాగే ఉంటాయి. 2001లో కోఠిలో నెట్ కేఫ్‌లో గంటకి ముప్ఫై రూపాయలిచ్చి ఒక పాట దించితే తొంభై అయిదు శాతం దగ్గర కరెంటు పోయింది. మిగతా అయిదు శాతం కోసం మళ్ళీ వారం ఆగాను.


మృదంగం_మాష్టారు
సోమవారం, రాత్రి 7:30

ఒక సందేహం. ఆఖరి కచేరీ కూడా మొదటి డ్రమ్మరు కచేరీ జరిగిన ఆ మెట్రోలోనే పెట్టుకున్నారా? కావాలనేనా?


నేపర్విల్_నాని
సోమవారం, రాత్రి 8:05

కావాలనే మాష్టారూ. క్లార్క్ వీధిలో ఉంటుంది, రిగ్లీ ఫీల్డ్ బేస్‌బాల్ మైదానానికి నడిచేంత దూరం. వెయ్యిమంది చిల్లర పడతారు, అంతే. అంతకు ముందు రెండు మూడు రోజుల క్రితమే యునైటెడ్ సెంటర్ అనే పెద్ద స్టేడియంలో వాయించి, ఆఖరిది మాత్రం అక్కడ పెట్టుకున్నారు. వచ్చినవాళ్ళందరి చేతిలో ఒక సీడీ పెట్టారు: 1988 అక్టోబర్ 5న అదే మెట్రోలో నలుగురూ కలిసి మొదటిసారి వాయించిన కచేరీ రికార్డింగు. బయటికి వెళ్తూ మొదలు వినమన్నట్టు.

డార్సీ మాత్రం ఆ రాత్రి లేదు. హోల్ బ్యాండ్ నుంచి వచ్చిన మెలిసా ఆఫ్ డెర్ మార్ బేస్ వాయించింది.

ఇక నా తేదీ. 2005 జూన్ 21.


చిక్కడపల్లి_శ్రీను
సోమవారం, రాత్రి 8:20

ఆగిపోయిన అయిదేళ్ళకా?


నేపర్విల్_నాని
సోమవారం, రాత్రి 8:47

అవును. ఆ రోజు పొద్దున షికాగో ట్రిబ్యూన్‌లో, సన్ టైమ్స్‌లో కోర్గన్ పూర్తి పేజీ ప్రకటన ఇచ్చాడు: నా బ్యాండు నాకు తిరిగి కావాలి, నా పాటలు, నా కలలు అని. తన సొంత ఆల్బమ్ విడుదలైన రోజే అది, అది వేరే విచిత్రం. ఆ ప్రకటన మా ఆఫీసు కేంటీన్లో చదివాను. ముందు ఎగిరి గంతేశాను. తర్వాత మళ్ళీ చదివితే, బ్యాండులో ఇంకో ముగ్గురున్నారన్న మాట దాంట్లో ఎక్కడా తగల్లేదు. 2000లో ఆపేసినప్పుడు అది నలుగురి బ్యాండుగానే ఆగింది. ఆ ప్రకటనతో అది పేటెంటు అయింది.

తర్వాత మనుషులు వచ్చారు, పోయారు. 2009లో చేంబర్లిన్ కూడా వెళ్ళిపోయాడు, ఆ స్థానంలో పంతొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి తెచ్చారు. కోర్గన్ హైలాండ్ పార్క్‌లో టీ కొట్టు పెట్టాడు, కుస్తీ సంస్థ ఒకటి కొన్నాడు. మేం ఒకసారి ఆ టీ కొట్టుకి వెళ్ళాం. టీ బాగుంది. మా ఆవిడ మాత్రం పాలు ఎక్కడా అనడిగింది.

2018లో ఐహా, చేంబర్లిన్ తిరిగొచ్చి స్టేడియంలు నింపారు. నేనూ వెళ్ళాను. బాగా వాయించారు, అబద్ధం చెప్పను. డార్సీని పిలిచారా, పిలిచి వద్దన్నారా అన్నదాని మీద ఆమె, కోర్గన్ పేపర్లకెక్కి కొట్టుకున్నారు. ఆమె లేదు.


బీచ్‌రోడ్_బాసిస్ట్
సోమవారం, రాత్రి 9:15

నాని గారూ, మీది 2005, నాది 1993. ఇద్దరం ఒకే మాట అంటున్నాం, తేదీలే వేరు.


గిటార్_గోపి
సోమవారం, రాత్రి 9:26

మీ ఇద్దరూ కలిసి నా సయామీస్ డ్రీమ్‌ని నేరంగా మార్చేశారు. దాన్ని ఒక్కడే చేశాడు, నాకు ఇప్పటికీ అదే అన్నిటికన్నా ఇష్టం. అంతకు మించి నా దగ్గర వాదన లేదు.


కాజీపేట_కుర్రోడు
సోమవారం, రాత్రి 9:40

అన్నా, అక్కా, లొల్లి తర్వాత. కొత్తోడు ఎక్కడ మొదలు పెట్టాలె?


బీచ్‌రోడ్_బాసిస్ట్
సోమవారం, రాత్రి 9:52

నీకు 'అడోర్' నచ్చిందంటే నువ్వు కొత్తోడివి కాదు తమ్ముడూ. 'మెలన్ కోలీ' రెండో సీడీ మొదలుపెట్టు. చివరి పాట 'ఫేర్‌వెల్ అండ్ గుడ్‌నైట్' దాకా ఆపకు. నలుగురి గొంతులూ వినబడే పాట అది.


చిక్కడపల్లి_శ్రీను
సోమవారం, రాత్రి 10:01

నా కేసెట్‌లో పట్టని ఏడు పాటల్లో ఆఖరిది. నలుగురి బ్యాండు వినబడే పాట ఒక్కటుంటే, అది తప్ప మిగతాదంతా ఏడేళ్ళు అరగదీసి విన్నానన్నమాట. నా తేదీ మార్చుకోను గానీ, సాక్ష్యం సగమే విని తీర్పు చెప్పానని ఒప్పుకుంటున్నా.


మృదంగం_మాష్టారు
సోమవారం, రాత్రి 10:20

నలుగురూ అంటే, డ్రమ్ములు వాయించే అబ్బాయి కూడా పాడాడా?


బీచ్‌రోడ్_బాసిస్ట్
సోమవారం, రాత్రి 10:22

పాడాడు మాష్టారూ. జిమ్మీ గొంతు కూడా ఉంది.


మృదంగం_మాష్టారు
సోమవారం, రాత్రి 10:24

ఏ నిమిషంలో వస్తుందో చెప్తారా? మావాణ్ణి నిద్ర లేపుతున్నాను.